బడి తోటకు కొత్తలు

తొమ్మిదో తరగతిలో నేను సుద్దముక్కలు తినేదాన్ని. ముందే చెప్పేస్తున్నాను, నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోవచ్చు. బోర్డు కింద రాలిన పొడిని వేలికి అద్దుకుని నాకడంతో మొదలైంది. సారు పారేసిన ముక్కల్ని పుస్తకాల సంచిలో దాచుకుని, బావి వెనక్కి పోయి కొరుక్కునేదాకా వచ్చింది. రుచి అంటారా, రుచేమీ లేదు. నాలుక మీద పెట్టగానే అది తడినంతా పీల్చేసుకుంటుంది చూడండి, ఆ ఒక్క క్షణం కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేదాన్ని. ఎందుకు తింటున్నానో నాకే తెలియదు. తెలియని దాన్ని పట్టుకుని వేలాడటం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి ఇప్పటికీ మందు దొరకలేదు. మందు దొరికిన ఇంకో జబ్బు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఇది రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు, భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో జరిగింది. అప్పుడు అంతా ఖమ్మం జిల్లానే. మేము కోయవాళ్ళం. మా గూడెం బడికి నడకదారిన రెండున్నర గంటలు. మా అయ్య వానాకాలం సేద్యం చేసుకుని, మిగతా రోజుల్లో సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు కొట్టే కూలికి వెళ్ళేవాడు. నా పేరు సమ్మక్క. ఇప్పుడు పెనుబల్లి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను.

మొన్న మా తరగతిలో ఒక అమ్మాయి పెదవుల మీద తెల్లగా కనపడింది. ఏందమ్మా అది అంటే పౌడరంది. పౌడరు పెదవి లోపలి అంచుకు ఎందుకు అంటుకుంటుంది? ఆ పిల్లకు నా కథ చెబుదామని మొదలుపెట్టాను, నలభై మంది చూస్తుంటే నోరు రాలేదు. ఇంటికొచ్చి రాస్తున్నాను. రేపు కాగితం చేతిలో పెడితే చదువుకుంటుంది.

జూన్

ఆ ఏడు బడి తెరిచిన వారానికి జీపులో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఎదిగే ఆడపిల్లల్లో రక్తం తగ్గిపోతోందని, జబ్బు వచ్చాక మందివ్వడం కాదు, బడిలో పెట్టే తిండితోనే రాకుండా ఆపాలని చెప్పారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి కింది కనురెప్ప లాగి చూశారు. నేను పక్కనున్న పిల్ల రెప్ప కూడా లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాలట. దానిది పాలిపోయి ఉంది. నాది ఎలా ఉందో చూసుకుందామంటే హాస్టల్లో ఉన్న ఒక్క అద్దమూ వార్డెన్ గదిలో ఉంది.

వాళ్ళు వెళ్తూ విత్తనాల పొట్లాలు ఇచ్చారు. తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు, గుమ్మడి, పాదు చిక్కుడు. బడి వెనక ఎకరం నేల ముళ్ళకంపతో పడి ఉండేది. మా వార్డెన్ సుగుణ మేడం మధిర వైపు మనిషి. గట్టిగా అరుస్తుంది కానీ, పనికి తనే ముందు కొంగు దోపుతుంది. రెండు ఆదివారాల్లో ఆ నేలను తోట చేశాం. నేను తోట లీడర్ని. ఏ విత్తు ఎన్ని రోజులకు మొలుస్తుందో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. గుమ్మడి గింజను తలకిందులుగా పెడితే మొలక కిందికే పోతుందా అని రెండు గింజలు పాడుచేసి, మేడంతో మొట్టికాయ తిన్నాను. పోదు, తిరిగి పైకే వస్తుంది.

జులై చివరికే ఆకుకూరలు కోతకొచ్చాయి, ఆగస్టుకల్లా తోట విరగకాసింది. అంతకుముందు వారానికి రెండుసార్లు భద్రాచలం నుంచి కూరగాయల ఆటో వచ్చేది. ఇంత కూర మన దగ్గరుండగా వాడిపోయిన వంకాయలెందుకని మేడం ఆటోను మాన్పించింది. పప్పులో తోటకూర, పులుసులో గుమ్మడి, వేపుడులో బెండ, అన్నింట్లోనూ తోటే. జీపు వాళ్ళు మళ్ళీ వచ్చి చూసి, మేడంతో కలిసి ఫొటో దిగి వెళ్ళారు.

ఆగస్టు చివర

మెట్లు పెరిగాయేమో అనిపించింది. తరగతి గదికి తొమ్మిది మెట్లు. లెక్కపెట్టి చూశాను, తొమ్మిదే. కానీ ఐదో మెట్టు మీద ఆగకపోతే గుండె చెవుల్లో కొట్టుకునేది. కూర్చుంటే నిద్ర, నిలబడితే కళ్ళ ముందు చుక్కలు. గోళ్ళు మధ్యలో పల్లంగా వంగాయి. వాన పడి తడిసిన గోడ వాసన వస్తే నోట్లో నీళ్ళూరేవి. అప్పుడే సుద్దముక్కలు కూడా. ఇవన్నీ ఒకే జబ్బువని తెలియక, దేనికది వేరు వేరుగా నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను.

ఒకరోజు పొద్దున ప్రార్థనలో పడిపోయాను. పడటం గుర్తులేదు. లేచేసరికి సుగుణ మేడం ఒళ్ళో తల ఉంది, ఆమె నా మొహం మీద నీళ్ళు కొట్టి, అదే చేత్తో తన కళ్ళు తుడుచుకుంటోంది. నర్సమ్మ వచ్చి ఎర్రటి ఇనుము మాత్రలు ఇచ్చింది. అన్నం తిన్నాక వేసుకోమంది. వేసుకున్న గంటకే కడుపులో తిప్పి కక్కేదాన్ని. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు నుంచి మాత్రల్ని పాదు చిక్కుడు మొదట్లో పాతిపెట్టాను. ఇనుము మొక్కలకు మంచిదని సైన్సు పాఠంలో ఉంది కదా. ఆ పాదు మాత్రం బాగా ఎగబాకింది.

వారం తర్వాత మెట్ల దగ్గర మళ్ళీ పడ్డాను. మేడం మా అయ్యకు కబురు పంపింది. నాతో మాత్రం మెల్లగా చెప్పింది.

"దవాఖానాలో చూపించుకో. తగ్గకపోతే దసరా నుంచి ఇంటి దగ్గరే ఉండు తల్లీ. నాకు భయంగా ఉంది. నీకేమన్నా అయితే నేనేం చెప్పను మీ వాళ్ళకి?"

ఇంటి దగ్గర ఉండటం అంటే ఏమిటో నాకు తెలుసు. మా పెదనాన్న కూతురు చుక్కమ్మక్క ఎనిమిదిలో ఉండగా జ్వరమొచ్చి, తగ్గాక వస్తానని ఇంటికి వెళ్ళింది. జ్వరం తగ్గింది. అక్క రాలేదు. మేకలు తోలింది, తునికాకు కోసింది, పెళ్ళయింది. ఆమె రేకు పెట్టె హాస్టల్ సామాన్ల గదిలో ఇంకా ఉంది, మూత మీద తెల్ల పెయింటుతో పేరు, తరగతి. ఆ రోజు నేను ఆ గదికి పోయి నా పెట్టెను చూసుకున్నాను. అది అక్క పెట్టె పక్కనే ఉంది. లాగి దూరంగా పెట్టడానికి బలం చాలలేదు, అక్కడే కూర్చుని ఏడ్చాను.

సెప్టెంబరు, దవాఖానా

మా అయ్య పొద్దున్నే వచ్చాడు. ఇంట్లో గొడవపడి వచ్చినట్టు మొహం చూస్తేనే తెలిసింది. మా అవ్వ, అంటే అమ్మ, నన్ను నేరుగా ఇంటికే తెమ్మన్నదట. "సదువు బిడ్డ నెత్తురు తాగుతున్నది" అన్నదట. మా నాయనమ్మ అయితే బడి కట్టిన చోటే మంచిది కాదని తేల్చేసింది. అయ్య గొంగడి భుజాన వేసుకుని వచ్చేశాడు. దవాఖానా దారంతా నావి ప్రశ్నలే.

"అయ్యా, నెత్తురు తగ్గితే ఏడికి పోతది?"

"గిప్పుడు గది అడుగుడు అవసరమా బిడ్డా?"

"కారిపోలే గదా. మరి ఎటు పోయింది?"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. బస్సులో నా చెయ్యి వదలలేదు.

భద్రాచలం పెద్ద దవాఖానాలో చీటీ రాయించుకునే వరసకు మొదలూ చివరా కనపడలేదు. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. అందరి చేతుల్నీ చూస్తూ కూర్చున్నాను, ఎవరి గోళ్ళు నావి లాగా వంగాయో అని. పక్కన గాజుల వ్యాపారం చేసే ఒక సాయిబుల పెద్దమ్మ కూర్చుంది. ఆమె కోడలికి నెలలు నిండాయట. నా గోళ్ళు తనే పట్టుకుని తిప్పి చూసింది.

"నా కోడలివి గిట్లనే ఉండె బిడ్డా. మూడు నెలల్ల సాఫైనయ్. ఏడువకు." అని సంచిలోంచి పల్లీ పట్టీ తీసి సగం విరిచి ఇచ్చింది. కోడలికని తెచ్చుకున్నది. నేను దాన్ని గంటసేపు తిన్నాను.

డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, చీటీ రాసి రక్తపరీక్షకు పంపింది. అక్కడే నాకు ఖాదర్ భాయ్ కనపడ్డాడు. సన్నటి మనిషి, కళ్ళజోడుకు ఒకవైపు దారం. వేలికి సూది పొడిచి, సన్న గొట్టంతో రక్తం పీల్చి, ఒక చిన్న గాజు గొట్టంలోని నీళ్ళలాంటి మందులోకి వదిలాడు. కొంతసేపటికి అది గోధుమరంగుకు తిరిగింది. నేను కుర్చీలోంచి లేచి దగ్గరికి పోయాను.

"ఎర్రది గట్లెందుకైంది సారూ?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. అంతమంది రోగుల్లో ఆ మాట అడిగింది నేనొక్కదాన్నేనేమో.

"ఇటు రా, సూపిస్త. పక్కన రెండు గాజు కడ్డీలున్నయా, వాటి రంగు సూడు. నీ నెత్తురు రంగు గా రంగుకు వచ్చేదాక నీళ్ళు కలుపుకుంట పోవాలె. మంచి నెత్తురైతే శానా నీళ్ళు వడతయ్. పల్చనిదైతే జల్దీ కలుస్తది."

చుక్క వేశాడు, కడ్డీతో తిప్పాడు, వెలుగుకు పెట్టి చూశాడు. మళ్ళీ చుక్క. నేను లెక్కపెట్టాను. పదకొండో చుక్కకు రెండు రంగులూ ఒకటైపోయాయి. ఆయన ఆపేశాడు. ఇంకా వేయడేమని ఎదురుచూశాను. వేయలేదు.

"అయిపోయిందా?"

"అవ్ బిడ్డా. ఆరే ఉన్నది, పన్నెండు ఉండాలె." మాట మార్చడానికి కాబోలు, చీటీ మీద రాస్తూ అడిగాడు. "హాస్టల్ల నిన్న ఏం కూర వెట్టిండ్రు?"

"గోరుచిక్కుడు."

"మంచిగుండెనా?"

"నాకు తెల్వదు."

"గదేంది, తిన్న కూర తెల్వదా?"

"తినలే సారూ. కొత్తలు కాలే గదా."

ఖాదర్ భాయ్‌కి అర్థం కాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మా అయ్య మాత్రం ఒక్క అడుగు ముందుకు వేశాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా గూడెంలో ఆ ఏడు నేల ఇచ్చిన పచ్చటిదేదీ, కూరాకు కానీ కాయ కానీ, కొత్తలు చేయకుండా నోట్లో పెట్టరు. ముందు నేలకూ పెద్దలకూ పెట్టి, ఆ తర్వాత ఇంటివాళ్ళంతా కలిసి మొదటి ముద్ద తింటారు. అప్పటిదాకా చెట్టున కళ్ళెదుటే కాస్తున్నా ఎవరి చెయ్యీ పోదు. చిన్నపిల్లలు కూడా అడగరు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక వచ్చినట్టు వస్తుంది. మరి కిందటేడు హాస్టల్లో కూర తిన్నానుగా? తిన్నాను. ఆటోలో వచ్చే వంకాయకు నేల లేదు. అది ఎవరి పొలందో, ఎవరు కొత్తలు చేశారో మనకు తెలియదు, దాని లెక్క దానిది. బడి తోట అలా కాదు. నా చేత్తో విత్తు పెట్టాను, ఏ రోజు మొలిచిందో రాసుకున్నాను. ఆ నేలకు ఎవరూ కొత్తలు చేయలేదు. ఇక ఎలా తింటాను?

రక్తం తగ్గకుండా ఉండాలని వేసిన తోట, నేను రెండు నెలల నుంచి చారన్నం మీద బతకడానికి కారణమైంది. ఉత్త చారన్నం మీద పడితే మాత్ర కడుపులో నిలవలేదు. అన్నీ తెలుసుకోవాలనుకునే నాకు ఈ ఒక్క ముడీ తట్టలేదు. తినకపోవడం నాకు ఒక సంగతిగానే కనపడలేదు.

"ఎప్పటి సంది తింటలేవు?" అన్నాడు అయ్య.

"తోట కాసినకాన్నుంచి."

"మంచి పని..." అనబోయాడు. మంచి పని చేసినవ్ బిడ్డా అనేది ఆయన నోటి దాకా వచ్చింది, నాకు తెలుసు. పద్ధతి తప్పని కూతురు. అంతలోనే గాజు గొట్టం వైపు చూశాడు. మాట సగంలో ఆగిపోయింది. గొంగడి అంచు మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. మా అయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఖాదర్ భాయ్ మమ్మల్ని తనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. పాతిపెట్టిన మాత్రల సంగతి విన్నప్పుడు మాత్రం పెన్ను బల్ల మీద పెట్టేసింది. కూరతోనే ఇంత లోటు పూడదు, మాత్రలు మానితే ఒప్పుకోనని, కడుపునిండా తిని వేసుకుంటే నిలుస్తాయని, మీద నిమ్మకాయ నీళ్ళు తాగమని, టీ ముట్టొద్దని చెప్పింది. కడుపులో పురుగులకు కూడా ఒక మాత్ర ఇచ్చింది. దసరా సెలవుల ముందు మళ్ళీ రావాలి. అప్పటికి పెరగకపోతే ఖమ్మం పంపి రక్తం ఎక్కించాలి.

"నా నెత్తురు తీస్కోండ్రి మేడం, గిప్పుడే," అని అయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

అప్పటి నుంచి పిల్లల్ని ఏం పెట్టారని నేను అడగను. ఏం తిన్నారని అడుగుతాను. రెండింటి మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు.

ఆ వారమే, బడిలో

సుగుణ మేడం మొదట మండిపడింది.

"ఇదేం మూఢనమ్మకమే? రెండు నెలలు! నాకొక్క మాట చెప్పొద్దా?"

"మీరు అడగలే మేడం."

"మరి ఆ కూరంతా ఎటుపోయింది?"

ఎరువు గుంతలోకి. కంచాలు కడిగే చోటు నుంచి గుంత నాలుగడుగులే. తోట కూర మళ్ళీ తోటకే పోయింది. మేడం అందరినీ వరసలో నిలబెట్టి, తిననివాళ్ళు చేతులెత్తమంది. పదిహేడు చేతులు లేచాయి, అన్నీ లోపలి గూడేలవే. ఆమె చేతుల్ని చూసింది, తర్వాత ఒక్కొక్కరి కనురెప్పా లాగి చూసింది. చూసి, రుబ్బురోలు మీద కూలబడింది. పాపం ఆమెకు ఆ తోట అంటే ప్రాణం.

నేను ఆ రోజు ఒక పరీక్ష చేశాను. పద్ధతి తప్పితే ఏమవుతుందో చూద్దామని తోటకూర పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులి రాలేదు, పిడుగు పడలేదు. కానీ గొంతు దిగలేదు. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు, గొంతుకు మాత్రం ఉంది. బయటికి పోయి ఊసేశాను.

మేడం మర్నాడే ఆటోకు ఫోన్ చేసింది. ఒక్కసారి వచ్చింది. ఆ తర్వాత వానలు పట్టుకుని వాగు పొంగింది, రోడ్డు తెగింది. తోటలో గుమ్మడికాయలు బారులు తీరి ఉన్నాయి, లోపల పదిహేడు మంది చారు పోసుకుంటున్నాం. నాకు మాత్ర నిలవాలంటే తిండి కావాలి. దసరా మూడు వారాలే ఉంది.

నన్ను చూడటానికి నడిచొచ్చిన అయ్య అప్పుడు అన్నాడు, "మనూర్ల కొత్తలు అయిపోయి నెల దాటింది బిడ్డా. నీ పాలుకు వచ్చిన కూర మీ అవ్వ ఎండవెట్టి ఉట్టి మీద దాచింది. తెచ్చియ్యనా?"

"అది మన నేలది. ఈ తోటకు సరిపోతదా?"

అయ్యకు తెలియలేదు. అలాంటివి తెలిసినవాడు మా గూడెం పూజారి తాత ఒక్కడే. వాగు ఇవతలి దారిన వానలో రెండున్నర గంటలు నడిచి, అయ్య ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

పూజారి తాత తోటంతా తిరిగాడు. మట్టి వాసన చూశాడు. గుమ్మడికాయ తట్టాడు. పాదు చిక్కుడు దగ్గర ఆగి, ఇదొక్కటి ఇంత ఏపుగా ఎందుకుందని అడిగాడు. నేను నోరు మూసుకున్నాను. తర్వాత మేడం వైపు తిరిగాడు.

"ఈ నేల ఎవలది?"

"గవర్నమెంటుది."

"గవర్నమెంటు ఏడుంటది? పిలువు. కొత్తలకు ఇంటి పెద్ద నిలవడాలె."

"ఆయన... అంటే, అట్లా పిలిస్తే రాడండి."

"రాకుంటే ఎట్ల? తిండి వెట్టే ఇంటికి పెద్ద లేకుంట ఉంటడా?" తాత మా వైపు చెయ్యి చూపించాడు. "ఈ పిల్లలకు పొద్దుమాపు బువ్వ ఎవలు వెడుతుండ్రు?"

"నేనే."

"జరమొస్తే?"

"నేనే చూసుకుంటా."

"మరింకేంది? నువ్వే పెద్ద. రేపు తానం చేసి, ఏం తినకుంట, చెప్పుల్లేకుంట రా."

మేడం మొహం చూడాలి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమెకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయో, ఇలాంటిది రాలేదు. మూఢనమ్మకమన్న మనిషి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున తడి జుట్టుతో, చెప్పుల్లేకుండా, తోట మధ్య బురదలో వచ్చి నిలబడింది. కొత్త కుండలో తోటలోని ప్రతి రకమూ కొంచెం కొంచెం వేసి వండాం. అయ్య తెచ్చిన కోడి కూడా ఉంది, అది లేకుండా ఏ పనీ కాదు. టేకాకుల్లో పెట్టి నేల మీద ఉంచాక, తాత కోయలో నాలుగు మాటలు చెప్పి మేడంను అనమన్నాడు. మేము విత్తాం, నువ్వు ఇచ్చావు, నీది నీకు పెట్టాం, ఇక మా పిల్లలు తింటారు. దాదాపు అదీ అర్థం.

"నాకు మీ భాష రాదండి. తప్పు పలికితేనో?"

"నేల నవ్వుకుంటది, తియ్. అను."

ఆమె అన్నది. తప్పుగానే అన్నది. వెనక పదిహేడు మందిమీ మూతులకు చేతులు అడ్డం పెట్టుకున్నాం. 'మా పిల్లలు' అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది, మాకు నవ్వు ఆగిపోయింది. తాత మొదటి ముద్ద ఆమె చేతిలో పెట్టి నా వైపు చూపించాడు. సుగుణ మేడం ఆ ముద్ద నా నోట్లో పెట్టింది. గుమ్మడి తీపి, గోంగూర పులుపు, కొంచెం మాడు. గొంతు తనంతట తానే మింగింది. రెండు నెలల ఆకలి ఒక్కసారిగా లేచింది, నేను ఆ రోజు ఎంత తిన్నానో చెబితే ఎవరూ నమ్మరు. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నాను. అది కడుపులోనే ఉండిపోయింది.

దసరా ముందు

రెండో రోజు దొడ్డికి నల్లగా అయితే పేగులు మాడిపోయాయని పిల్లలంతా హడలిపోయారు. ఇనుము ఎక్కువై బయటికి పోతే నల్లగానే ఉంటుందని నర్సమ్మ చెప్పింది. ఇది రాస్తున్నది ఎందుకంటే, మా హాస్టల్లో సగం మంది మాత్రలు మానేసింది ఈ ఒక్క భయంతోనే. భయపడకండి, వేసుకోండి. పదిహేడు మందికీ మేడం ఎదురుగా నిలబడి మింగించేది. సుద్దముక్క మీద మోజు ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. ఒకరోజు సంచి అడుగున ఒక ముక్క దొరికితే, ఇదేంది ఇక్కడ అనుకుని బోర్డు దగ్గర పెట్టేశాను.

సెలవులకు రెండు రోజుల ముందు అయ్యతో మళ్ళీ భద్రాచలం వెళ్ళాను. ఖాదర్ భాయ్ గుర్తుపట్టాడు. "ప్రశ్నల బిడ్డ వచ్చింది," అన్నాడు. సూది, గొట్టం, గోధుమరంగు. ఈసారి అయ్య కూడా బల్ల దాకా వచ్చి నిలబడ్డాడు. నేను పైకే లెక్కపెట్టాను. తొమ్మిది. పది. పదకొండు. నాకు ఊపిరి ఆడలేదు, ఈసారి జబ్బు వల్ల కాదు. ఖాదర్ భాయ్ గొట్టాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు.

"కలిసిందా సారూ?" అన్నాడు అయ్య.

"యాడ కలిసె? ఇంక నీళ్ళడుగుతుంది."

పన్నెండు. పదమూడు. పదిహేను దాటాక లెక్క అయ్యే అందుకున్నాడు, కోయలో. ఇరవై దగ్గర రంగులు కలిశాయి. ఇంకా తక్కువే, మూడు నెలలు మాత్రలు ఆపొద్దన్నాడు. ఖమ్మం పోనక్కర్లేదన్నాడు. అయ్య ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

సెలవులకు ఇంటికి వెళ్ళాను. మా అవ్వ నా రెప్ప లాగి చూడలేదు, అరచెయ్యి తిప్పి చూసింది. ఉట్టి దించి, ఎండిన గుమ్మడి ముక్కలు, కూరాకు వండి నా పాలు నాకు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. బడికి పంపుతానని కానీ పంపనని కానీ అనలేదు. నేను అడగలేదు. ప్రశ్న అడగడానికి నేను భయపడ్డది అదొక్కసారే.

సెలవుల చివరి రోజు పొద్దున ఆమె దూలానికి వేలాడే సొరకాయ బుర్ర దించి, అందులోంచి మా ఇంటి చిక్కుడు గింజలు దోసెడు తీసి, పాత గుడ్డలో మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"మీ మేడమ్‌కియ్యి. మన గింజలు, మంచిగ కాస్తయ్," అన్నది. "వీటికి కొత్తలు ఏ దినం చేస్తదో కబురు వెట్టుమను. నేను గూడ వస్త."